స్టాప్‌వాచ్‌తో ఆరు బ్యాచ్‌లు: పెద్దవాళ్ల వర్క్‌షాపు డైరీ

ఇలాంటి వర్క్‌షాపు నడపబోయేవాళ్లు నేను పడిన గోతుల్లోనే మళ్లీ పడకూడదని ఈ డైరీ. మొదటి బ్యాచ్‌కు ముందు నాకున్న ఉత్సాహం గురించి రాయను. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు, నాకు అసలే లేదు.

పని ఇది. గోదాముల్లో స్టాకు రిజిస్టరు చేత్తో రాసే ఉద్యోగులకు అదే లెక్కను స్ప్రెడ్‌షీట్‌లో, అంటే కంప్యూటర్‌లోని గడుల పట్టికలో, రాయడం నేర్పాలి. వయసు ముప్ఫై నుంచి అరవై లోపు. కూడికలు, తీసివేతల్లో అందరూ నాకన్నా గట్టివాళ్లు. కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మాత్రం సగం మందికి వేళ్లు బిగుసుకుపోతాయి. విరామాలు పోను ఒక్కో బ్యాచ్‌కు నా చేతిలో ఉన్నది 360 నిమిషాలు.

అన్ని బ్యాచ్‌లకూ ఇవే కొలతలు:

1. నోటి నిమిషాలు: నేను మాట్లాడిన సమయం. అందరికీ చెప్పి, ఒప్పుకున్నాకే ఫోనులో రికార్డు చేసి, తర్వాత స్టాప్‌వాచ్ పట్టుకుని విన్నాను.
2. చేతి నిమిషాలు: గదిలో సగం కంటే ఎక్కువ మంది చేతులు కీబోర్డు మీదో మౌసు మీదో ఉన్న సమయం. వెనక కూర్చున్న సహాయకుడు రాసిపెట్టాడు.
3. చివరి పరీక్ష: ఖాళీ షీటు, పది పద్దులున్న రిజిస్టరు పేజీ, 20 నిమిషాలు. ఎవరి సాయమూ ఉండదు. ఆఖరి నిల్వ సరిపోతేనే లెక్క.
4. మూడు వారాల పరీక్ష: వర్క్‌షాపు అయిన మూడు వారాలకు వాళ్ల సీటు దగ్గరికే వెళ్లి, ఆ వారం స్టాకు షీటులో ఉందా, నిల్వ ఫార్ములాతోనే (గడి తానే చేసుకునే లెక్కతో) వస్తోందా అని చూడటం.

నాలుగోది మొదట్లో లేదు. మొదటి బ్యాచ్ అయ్యాక ఒక రకమైన ప్రాయశ్చిత్తంగా చేర్చాను.

దశ 1: అరవై రెండు స్లైడ్లు

మొదటి బ్యాచ్‌లో 18 మంది. స్లైడ్లు 62, అంశాలు 31. ఫిల్టర్లు, చార్టులు, పివట్ టేబుళ్లు (పెద్ద జాబితాను మొత్తాలుగా కుదించి చూపేవి), షీటుకు తాళం వేయడం, అన్నీ ఉన్నాయి. అడిగినవాళ్లు లేకపోయినా ఉన్నాయి.

సాయంత్రం అభిప్రాయ పత్రాలు పంచాను. సగటు అయిదుకు 4.6 వచ్చింది. "చాలా బాగా చెప్పారు" అని పదకొండు మంది రాశారు. ఆ కాగితాలు పట్టుకుని నేను కాస్త గాల్లో తేలిన మాట నిజం. ఆ గాలి పది నిమిషాలే నిలిచింది. చివరి పరీక్షలో ఆఖరి నిల్వ సరిగ్గా తెచ్చినవాళ్లు నలుగురు. వాళ్లలో ఇద్దరికి ఉదయం వచ్చేటప్పటికే వచ్చు.

రాత్రి రికార్డింగు విన్నాను. ఇలాంటి పని చేసే ప్రతివాళ్లూ ఒక్కసారైనా తమ గొంతు తాము మొత్తంగా వినాలి. నేను మాట్లాడినది 231 నిమిషాలు. వాళ్ల చేతులు ఆడినది 84. "అర్థమైందా?" అని 41 సార్లు అడిగాను. ప్రతిసారీ తలలు ఊగాయి. గంగిరెద్దుల్లా తలలూపారని వాళ్లను అనడానికి లేదు, సన్నాయి ఊదినవాణ్ని నేనే.

శిక్షణను ఎలా బేరీజు వేయాలో అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు మెట్లుగా చెప్పారు: వచ్చినవాళ్లకు నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, ఆ వాడకంవల్ల ఫలితం వచ్చిందా. నేను మొదటి మెట్టు మీద నిలబడి నాలుగో మెట్టు ఎక్కేశానని సంబరపడ్డాను. ఆ రోజు నుంచి అభిప్రాయ పత్రంలో "బాగుందా?" అన్న ప్రశ్న తీసేశాను. దాని బదులు ఒకే ప్రశ్న పెట్టాను: "రేపు ఉదయం సీట్లో కూర్చోగానే మీరు చేయబోయే మొదటి పని ఏమిటి?" ఖాళీగా వచ్చిన కాగితాలే నాకు నివేదిక.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. నా మూడో స్లైడులో "చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుంది" అన్న బొమ్మ ఉంది. చాలా శిక్షణల్లో కనిపించే బొమ్మే. దాన్ని అమెరికన్ విద్యావేత్త ఎడ్గర్ డేల్ పేరు మీద చెలామణీ చేస్తారు. నేర్చుకునే అనుభవాలను శంఖువు ఆకారంలో పేర్చి ఆయన 1946లో గీసిన బొమ్మలో ఒక్క శాతం కూడా లేదు, ఆ అంకెలు తర్వాత ఎవరో అతికించినవి. తప్పు లెక్కలు పట్టుకోవడం నేర్పే తరగతిని తప్పు లెక్కతోనే మొదలుపెట్టాను. తీసేశాను.

ఇప్పటిదాకా:
- వచ్చినవాళ్లు: 18
- చివరి పరీక్ష గట్టెక్కినవాళ్లు: 4
- మూడు వారాల తర్వాత: 1
- నోటి నిమిషాలు: 231, చేతి నిమిషాలు: 84

దశ 2: రిజిస్టరు చూడటానికి వెళ్లాను

ఇది మొదటి బ్యాచ్‌కు ముందే చేయాల్సిన పని. రెండు రోజులు ఇద్దరు ఉద్యోగుల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. రిజిస్టరులో అయిదే నిలువు వరుసలు: తేదీ, సరుకు, వచ్చింది, పోయింది, నిల్వ. వాళ్లకు తలనొప్పి ఒక్కచోటే. మధ్యలో ఒక పద్దు తప్పు పడితే, అక్కడి నుంచి కింద ఉన్న నిల్వలన్నీ కొట్టేసి మళ్లీ రాయాలి. ఒక పేజీలో ఎర్ర సిరా కొట్టివేతలు పందొమ్మిది లెక్కపెట్టాను. పివట్ టేబుల్ అవసరం ఎక్కడా కనబడలేదు.

పెద్దవాళ్లు చదువు కోసం రారు, చేతిలో ఉన్న చిక్కు విప్పుకోవడానికి వస్తారని అమెరికన్ వయోజన విద్యావేత్త మాల్కం నోల్స్ 1970 ప్రాంతం నుంచి గట్టిగా చెబుతూ వచ్చారు. వయోజనులకు నేర్పే విద్యకు ఆయన ప్రచారంలోకి తెచ్చిన "ఆండ్రగోజీ" అన్న పేరు ఇంకా పాతది, 1833లో అలెగ్జాండర్ కాప్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు వాడినది. ఇదంతా నేను ముందే చదివాను. చదివి కూడా 62 స్లైడ్లు చేశాను.

అంశాలు 31 నుంచి 4కు తగ్గించాను:

1. అయిదు నిలువు వరుసలకు శీర్షికలు పెట్టి, మొదటి నిల్వ వేయడం.
2. నిల్వ ఫార్ములా: పై నిల్వకు వచ్చింది కలిపి, పోయింది తీసేయడం.
3. ఆ ఫార్ములాను కిందికి లాగడం.
4. తప్పు పడితే ఎక్కడ పడిందో పట్టుకోవడం.

మూడోది పూర్తయినప్పుడు మధ్యలో ఒక పద్దు మారిస్తే కింద నిల్వలన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. ఎర్ర సిరా పేజీ చూసినవాళ్లకు అది ఒక్కటి చాలు. మిగతా 27 అంశాలు తీసేస్తుంటే కాస్త బాధేసింది, ముఖ్యంగా చార్టులు. నాకు చార్టులంటే ఇష్టం. ఇష్టం నాది, రిజిస్టరు వాళ్లది.

దశ 3: నూతిలోకి తోసిన బ్యాచ్

రెండో బ్యాచ్, 16 మంది. మొదటిసారి ఎక్కువ మాట్లాడాను కనుక ఈసారి నోరు కట్టుకుంటే సరిపోతుందనుకున్నాను. నలుగురేసి జట్లు చేసి, రిజిస్టరు పేజీ చేతికిచ్చి, "దీన్ని షీటులోకి ఎలా తేవచ్చో మీరే కనిపెట్టండి" అన్నాను. ఈత నేర్పమంటే నూతిలోకి తోయడం అంటారే, అదే.

నోటి నిమిషాలు 92కు పడ్డాయి, చేతి నిమిషాలు 210కి పెరిగాయి. అంకెలు చూస్తే గొప్పగా ఉన్నాయి. గదిలో జరిగింది వేరు. ప్రతి జట్టులోనూ కాస్త తెలిసిన మనిషి ఒకరు మౌసు తీసుకున్నారు, మిగతా ముగ్గురు చూస్తూ కూర్చున్నారు. ఒక జట్టు శీర్షికలకు రంగులు వేయడంలో 35 నిమిషాలు గడిపింది. ఇంకో జట్టు నిల్వను కాలిక్యులేటర్‌లో లెక్కకట్టి షీటులో టైపు చేసింది. చివరి పరీక్షలో గట్టెక్కినవాళ్లు అయిదుగురు, నలుగురు మౌసు పట్టినవాళ్లు, ఇంకొకరు. జట్టులో ఒక్క చెయ్యి ఆడితే జట్టంతా చేస్తున్నట్టే లెక్కపడింది. చేతి నిమిషాలను అలా గదికి మొత్తంగా కొలవడం తప్పని ఇక్కడే తెలిసింది. తర్వాతి బ్యాచ్ నుంచి మనిషికో కంప్యూటర్ పెట్టాం, సహాయకుడు ఒక్కో వరుసను విడిగా చూసి రాశాడు.

ఒక విషయంలో బొత్తిగా కొత్తవాళ్లను వెతుక్కోమని వదిలేస్తే, వాళ్ల బుర్రలో ఉన్న చోటంతా వెతుకులాటకే ఖర్చవుతుంది, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ 1980ల నుంచి చేసిన పరిశోధనల సారం ఇదే. కొత్తవాళ్లకు ముందు పూర్తిగా చేసి చూపిన లెక్క కావాలి. తెలిసినవాళ్లకే వెతుకులాట పనికొస్తుంది.

ఇదే బ్యాచ్‌లో పరిచయాల ఆట ఒకటి పెట్టాను. గుండ్రంగా నిలబడి, బంతి విసిరి, పట్టుకున్నవాళ్లు తమకు నచ్చిన జంతువు పేరు చెప్పి దానిలా అరవాలి. బంతి ఒక పెద్దాయన చేతిలో పడింది. పదవీ విరమణకు రెండేళ్లు ఉంది ఆయనకు. బంతిని రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ చూసి, దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టారు. "సార్, నేను రిజిస్టరు నేర్చుకుందామని వచ్చానండీ" అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఆయన మధ్యాహ్నం విరామం తర్వాత రాలేదు.

మూడో బ్యాచ్ నుంచి పరిచయం ఒకే ప్రశ్న: "మీ రిజిస్టరులో మిమ్మల్ని ఎక్కువ విసిగించే పని ఏది?" జవాబులు బోర్డు మీద రాస్తాను. ఆ రోజు పాఠంలో ఏది వాళ్ల విసుగును తీరుస్తుందో అక్కడికక్కడే గీత గీసి కలుపుతాను. ఏదీ తీర్చకపోతే అది కూడా చెబుతాను. పెద్దవాళ్లు "అది ఈరోజు రాదు" అన్న మాటకు నొచ్చుకోరు. రోజంతా ఎదురుచూసి సాయంత్రం తెలుసుకుంటేనే నొచ్చుకుంటారు.

ఇప్పటిదాకా:
- వచ్చినవాళ్లు: 34
- చివరి పరీక్ష గట్టెక్కినవాళ్లు: 9
- మూడు వారాల తర్వాత: 3
- నోటి నిమిషాలు: 323, చేతి నిమిషాలు: 294

దశ 4: చేసి చూపి, కొంచెం కొంచెంగా తప్పుకోవడం

మూడో బ్యాచ్, 14 మంది. ఒకే రిజిస్టరు పేజీకి నాలుగు ఫైళ్లు తయారుచేశాను:

1. మొదటి ఫైలు పూర్తిగా నిండినది. వాళ్లు ఏమీ టైపు చేయరు. ఒక అంకె మార్చి కింద ఏమవుతుందో చూస్తారు, అంతే.
2. రెండోదాంట్లో ఆఖరి మూడు నిల్వలు ఖాళీ. ఫార్ములా కిందికి లాగాలి.
3. మూడోదాంట్లో నిల్వ వరుస మొత్తం ఖాళీ. ఫార్ములా వాళ్లే రాయాలి.
4. నాలుగోది ఖాళీ షీటు.

ఒక్కో ఫైలుకు ముందు నేను చేసి చూపేది నాలుగు నిమిషాలకు మించకూడదని నియమం పెట్టుకున్నాను. చూపించేటప్పుడు మాట్లాడాలి, వాళ్లు చేస్తున్నప్పుడు మాట్లాడకూడదు. రెండో సగం చాలా కష్టం. మూడో బ్యాచ్ రికార్డింగులో వాళ్లు చేస్తుండగా నేను పైనుంచి ఇచ్చిన ఉచిత సలహాలే 31 నిమిషాలు ఉన్నాయి.

ఈ బ్యాచ్‌లో ఒక సంఘటన మీద ఎక్కువ రాస్తాను, నాలుగో అంశం స్వరూపం దానివల్లే మారింది.

రెండో వరుసలో ఒక పెద్దావిడ. అందరికన్నా వేగంగా టైపు చేస్తోంది, కీబోర్డు వంక చూడటం లేదు. ఆవిడ షీటులో మూడో పద్దు నుంచి కిందిదాకా నిల్వలన్నీ "వాల్యూ" ఎర్రర్లు. ఫార్ములా చూశాను, సరిగ్గా ఉంది. అంకెలు చూశాను. వచ్చింది 12, పోయింది 10. రెండూ కంటికి సవ్యంగానే ఉన్నాయి. మళ్లీ రాయించాను, మళ్లీ అదే. పది నిమిషాలు గడిచాయి. మిగతా పదముగ్గురూ నా వంక చూస్తున్నారు. చివరికి ఆవిడ వేళ్లు చూశాను. 12 కొట్టడానికి కుడిచేతి ఉంగరపు వేలు ఇంగ్లీషు ఎల్ అక్షరం మీద పడింది.

ఆవిడ టైపు మిషను మీద నేర్చుకున్న మనిషి. పాత మిషన్లలో చాలావాటికి ఒకటి అంకెకు మీటే ఉండదు, చిన్న ఎల్‌నే ఒకటిగా కొడతారు. కాగితం మీద రెండింటికీ తేడా తెలియదు. స్ప్రెడ్‌షీట్‌కు మాత్రం అది అంకె కాదు, అక్షరం. అక్షరాన్ని కూడమంటే ఎర్రర్ ఇస్తుంది. ప్రతి నిల్వా పైదాని మీద ఆధారపడి ఉంది కనుక ఆ ఒక్క ఎల్ పేజీ చివరిదాకా పాకింది.

అంటే ఆవిడకు టైపింగు రాక కాదు, మరీ బాగా వచ్చి తప్పు పడింది. పెద్దవాళ్ల తప్పుల్లో సగం ఇలాంటివే, ఇంకెక్కడో సరైన పనికి అలవాటుపడిన చెయ్యి చేసేవి. ఇదే కళ్లతో మిగతా వరుసలు తిరిగితే ఇంకో రెండు దొరికాయి. కొందరు "25 కిలోలు" అని గడిలోనే కొలమానంతో సహా రాస్తున్నారు, రిజిస్టరులో అలాగే రాయాలి కనుక. ఇంకొందరు గడి చెరపడానికి స్పేస్ బారు కొడుతున్నారు. కంటికి గడి ఖాళీ, కంప్యూటర్‌కు అందులో ఒక అక్షరం ఉంది. నిజంగా ఖాళీగా ఉన్న గడిని ఫార్ములా సున్నాగా తీసుకుంటుంది, స్పేస్ ఉన్న గడిని తీసుకోదు.

మూడింటికీ ఒకే ఉపాయం: మనం ఏమీ మార్చకపోతే అంకెలు గడిలో కుడివైపు, అక్షరాలు ఎడమవైపు నిలబడతాయి. స్పేస్ కనబడదు కనుక దాన్ని డిలీట్ మీటతో తుడిచి చూడాలి. ఇది వివరించడానికి నాకు ఆరోజు 9 నిమిషాలు పట్టింది. పెద్దావిడ అంతా విని, తన షీటు చూసుకుని, పక్కనున్న ఆయనతో అంది: "అంకె కుడి గోడకు ఆనుకుంటుందండీ, అక్షరం ఎడమ గోడకు ఆనుకుంటుంది. మీది ఏ గోడకుందో చూసుకోండి." ఆరు సెకన్లు. ఇప్పుడు నేనూ అదే మాట వాడుతున్నాను.

ఆ రాత్రి అయిదో ఫైలు చేశాను. కావాలని అయిదు తప్పులు పెట్టిన షీటు: ఒక ఎల్, ఒక "కిలోలు", ఒక స్పేస్, సున్నాకు బదులు ఇంగ్లీషు ఓ, ఒకచోట ఫార్ములా బదులు చేత్తో కొట్టిన నిల్వ. అయిదోది మహా కంత్రీది, ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది.

ఇప్పటిదాకా:
- వచ్చినవాళ్లు: 48
- చివరి పరీక్ష గట్టెక్కినవాళ్లు: 19
- మూడు వారాల తర్వాత: 7
- నోటి నిమిషాలు: 441, చేతి నిమిషాలు: 490

చేతి నిమిషాలు నోటిని దాటాయి. కానీ చివరి పరీక్షలో పది మంది గట్టెక్కిన ఈ బ్యాచ్‌లో మూడు వారాలకు మిగిలింది నలుగురే.

దశ 5: గది, మౌసు, మౌనం

మూడో బ్యాచ్‌కు నేను ఒకేసారి మూడు నాలుగు మార్చాను. ఏది పనిచేసిందో తేల్చుకోలేకపోయాను. అందుకని నాలుగో బ్యాచ్‌కు పాఠం అదే ఉంచి, కొత్త ఫైలు ఒక్కటి చేర్చి, నా నడవడిక మాత్రమే మార్చాను. 14 మంది.

మౌసు ముట్టుకోను. మూడో బ్యాచ్‌లో నేను వాళ్ల చేతిలోంచి మౌసు తీసుకున్నది 27 సార్లు, సహాయకుడు పుల్లలు గీసి లెక్కపెట్టాడు. నేను తీసుకుంటే పని పది సెకన్లలో అయిపోతుంది, వాళ్లకు ఏమీ మిగలదు. ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, గడి పేరు మాత్రమే చెబుతాను. నాలుగో బ్యాచ్‌లో 3 సార్లు జారాను.

కార్డులు. ప్రతివాళ్లకూ ఒక ఎర్ర కాగితం, ఒక పచ్చ కాగితం. చిక్కుకుంటే ఎర్రది మానిటర్ మీద అంటిస్తారు, అయిపోతే పచ్చది. చెయ్యెత్తి "నాకు రాలేదు" అని పది మంది ముందు చెప్పడానికి యాభై ఏళ్ల మనిషికి మొహమాటం. కాగితం అంటించడానికి లేదు. ఎర్ర కాగితం అంటించి, సాయం వచ్చేదాకా చేతులు ముడుచుకోకుండా ప్రయత్నిస్తూనే ఉంటారు, ఇది నేను అనుకోని లాభం.

ఆగడం. రికార్డింగుల్లో ఇంకోటి కూడా కొలిచాను: ప్రశ్న వేశాక నేను ఎంతసేపు ఆగుతున్నానని. సగటున సెకనుకు కాస్త ఎక్కువ. నేనే అడిగి నేనే జవాబు చెబుతున్నాను. ఇది నా ఒక్కడి జబ్బు కాదు. 1970లలో అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో బడి తరగతుల రికార్డింగులు విని ఇదే కనిపెట్టారు: ఉపాధ్యాయులు ఆగేది సుమారు ఒక సెకను, దాన్ని మూడుకో ఆపైకో పెంచితే జవాబులు పొడవవుతాయి, మాట్లాడేవాళ్లు పెరుగుతారు. నేను మనసులో అయిదు దాకా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడు దగ్గర గది భరించలేనంత నిశ్శబ్దంగా అనిపిస్తుంది. నాలుగు దగ్గర ఎవరో గొంతు సవరించుకుంటారు.

ప్రశ్న కూడా మారింది. "అర్థమైందా?" పోయింది. "నాలుగో పద్దులో 40 తీసి 45 పెడితే ఏయే గడులు మారతాయి? ముందు కాగితం మీద రాయండి, తర్వాత మార్చి చూడండి." రాసినది తప్పయితే వాళ్ల మొహమే చెబుతుంది, నేను అడగక్కర్లేదు.

గది గురించి క్లుప్తంగా: బల్లలు వరుసల్లో కాకుండా గోడల వెంట యు ఆకారంలో వేస్తే మధ్యలో నిలబడి అన్ని తెరలూ చూడవచ్చు. ప్రొజెక్టర్ మీద షీటును 200 శాతానికి పెంచాలి, ఆఖరి కుర్చీలో కూర్చుని చదివి చూసుకోవాలి. నాలుగో బ్యాచ్ ఉదయం 25 నిమిషాలు ఎక్స్‌టెన్షన్ బోర్డు కోసమే పోయాయి. అవి నోటి లెక్కలోనూ లేవు, చేతి లెక్కలోనూ లేవు.

నోరు 87, చేతులు 238. చివరి పరీక్షలో 14 మందిలో 12. నాకు సంతోషమేసింది. మూడు వారాలకు వెళ్లి చూస్తే ఆరుగురు. పన్నెండు సరిగ్గా సగమైంది.

ఇప్పటిదాకా:
- వచ్చినవాళ్లు: 62
- చివరి పరీక్ష గట్టెక్కినవాళ్లు: 31
- మూడు వారాల తర్వాత: 13
- నోటి నిమిషాలు: 528, చేతి నిమిషాలు: 728

దశ 6: రోజును మూడు ముక్కలు చేశాను

సాయంత్రం వచ్చిన పని మూడు వారాలకు పోతోందంటే పాఠంలో కన్నా పంచాంగంలో తప్పు వెతకాలి. నేర్చుకున్నది మొదటి గంటల్లో, రోజుల్లో వేగంగా కారిపోతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే పరీక్షలు చేసుకుని 1885లోనే ప్రకటించారు. అర్థంలేని అక్షరాల గుంపులు కంఠస్థం చేసి, ఎంత మరిచిపోయాడో తనే కొలుచుకున్న మనిషి. ఒకేసారి కూర్చుని చదవడం కన్నా విడతలుగా చదివితే ఎక్కువ నిలుస్తుందని కూడా ఆయనే చూపించారు.

అవే 360 నిమిషాలు, వారానికి రెండు గంటల చొప్పున మూడు వారాలు. అయిదో బ్యాచ్‌లో 15 మంది.

రెండో వారం, మూడో వారం ఇలా మొదలయ్యాయి:

1. తలుపు వేయగానే ఖాళీ షీటు. పోయిన వారం చేసినది గుర్తున్నంత వరకు 7 నిమిషాల్లో చేయాలి. నోట్సు మూసి ఉండాలి.
2. తర్వాత 3 నిమిషాలు పక్కవాళ్లతో పోల్చుకోవడం.
3. అప్పటికీ రాకపోతే నోట్సు తెరవడం.
4. ఆ తర్వాతే నేను నోరు తెరవడం.

రెండో వారం మొదటి ఏడు నిమిషాలు భయంకరంగా గడిచాయి. ఫార్ములా గుర్తుతెచ్చుకున్నవాళ్లు నలుగురే. "సార్, ఒక్కసారి మళ్లీ చూపిస్తే అయిపోతుంది కదండీ" అని ఒకాయన బతిమాలాడారు. అయిపోతుంది, నిజమే. చూపిస్తే అప్పటికి బాగా వచ్చినట్టే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పిక్ 2006లో ప్రచురించిన ప్రయోగంలో తేలింది ఇదే: అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందుంటారు, వారం తర్వాత అడిగితే గుర్తుతెచ్చుకోవడం సాధన చేసినవాళ్లు ముందుంటారు. ఇది ఆయనకు చెప్పాను. నమ్మలేదు. మూడో వారం తనే అందరికన్నా ముందు పచ్చ కాగితం అంటించారు, నా వైపు మాత్రం చూడలేదు.

నష్టం కూడా రాయాలి. 15 మందిలో మూడో వారానికి మిగిలింది 12. ముగ్గురిని వాళ్ల పైఅధికారులు పంపలేదు. ఒకరోజు పంపడానికి ఒప్పుకునేవాళ్లు మూడు వారాలు రెండేసి గంటలు పంపమంటే మొహం చిట్లిస్తారు, మొత్తం సమయం ఒకటే అయినా. ఆరో బ్యాచ్‌కు ముందుగా పైఅధికారులతో అరగంట కూర్చుని తేదీలు వాళ్ల చేతే పెట్టించుకున్నాను. 12 మంది మొదలుపెట్టారు, 12 మందీ పూర్తిచేశారు.

అయిదో బ్యాచ్: నోరు 74, చేతులు 249. చివరి పరీక్షలో 11, మూడు వారాలకు 9.

దశ 7: సీటు దగ్గర

మూడు వారాల పరీక్షలో పోయినవాళ్లందరినీ నేను "మరిచిపోయినవాళ్లు" అని రాసుకుంటూ వచ్చాను. అయిదో బ్యాచ్‌లో చివరి పరీక్ష గట్టెక్కి, తర్వాత వదిలేసిన ఇద్దరి దగ్గర కూర్చుని అడిగాను. ఖాళీ షీటు ఇచ్చి "చేసి చూపండి" అన్నాను. ఇద్దరూ చేశారు. ఒకరికి ఎనిమిది నిమిషాలు పట్టింది, ఇంకొకరికి ఆరు. మరి రోజూ ఎందుకు చేయడం లేదు? ఒకరి దగ్గర పైఅధికారి ఇప్పటికీ కాగితం రిజిస్టరు మీదే సంతకం పెడతారు, షీటు రాస్తే రెండుసార్లు రాసినట్టు. ఇంకొకరి కంప్యూటర్ ఇద్దరు పంచుకునేది, ఆయన వంతు వచ్చేసరికి సరుకు లారీ వెళ్లిపోతుంది.

ఇది శిక్షణతో తీరే జబ్బు కాదు. ఇంకో మూడు రోజులు పాఠం చెప్పినా ఆ సంతకం కాగితం మీదే పడుతుంది. పాత బ్యాచ్‌ల వాళ్లకు ఫోను చేసి అడిగితే ఇంకో నలుగురిదీ ఇదే కథ. అందుకని ఆరో బ్యాచ్‌కు పైఅధికారులతో పెట్టుకున్న అరగంటలో తేదీలతో పాటు ఇంకో ప్రశ్న చేర్చాను: "షీటు ప్రింటు మీద సంతకం పెడతారా?" పెడతానన్నవాళ్ల మనుషులనే తీసుకున్నాను. నా అంకెలు బాగుపడటంలో ఈ ఎంపిక వాటా ఎంతో విడదీయలేను, ఆరో బ్యాచ్ అంకెలు చూసేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

ఆరో బ్యాచ్‌కు సహాయకురాలిగా టైపు మిషను పెద్దావిడను పిలిచాను. ఎర్ర కాగితం కనబడిన చోటికి ఆవిడే ముందు వెళ్లేది. మౌసు ముట్టుకోవద్దని నేను చెప్పకముందే చేతులు కట్టుకుని నిలబడి, "ఏ గోడకుందండీ?" అని అడిగేది. నా నోటి నిమిషాలు 66కు దిగాయి, అందులో ఆవిడ వాటా ఉంది. చేతులు 262. చివరి పరీక్షలో 11, మూడు వారాలకు 10.

ఆరు బ్యాచ్‌లకు మొత్తం:
- వచ్చినవాళ్లు: 89
- చివరి పరీక్ష గట్టెక్కినవాళ్లు: 53
- మూడు వారాల తర్వాత: 32
- నోటి నిమిషాలు: 668, చేతి నిమిషాలు: 1239

మొదటి బ్యాచ్‌లోని 18 మందిని మళ్లీ పిలిచాను. తొమ్మిది మంది వస్తామన్నారు. బంతి బల్ల మీద పెట్టిన పెద్దాయనకు కూడా ఫోను చేశాను. "ఆటలు ఉండవు కదా?" అని అడిగి, తేదీ రాసుకున్నారు.

ఏడో బ్యాచ్‌కు ముందు చేయాల్సినవి:

1. అయిదో ఫైలులో ఆరో తప్పు చేర్చాలి: చుక్కలు పెట్టి రాసిన తేదీ. చాలా కంప్యూటర్లలో అది అక్షరంగానే ఉండిపోతోంది, ఎడమ గోడకు.
2. మూడు వారాల పరీక్షతో పాటు మూడు నెలలకు ఇంకోసారి.
3. సహాయకుల చేతి నిమిషాలు కూడా కొలవాలి, మౌసు ముట్టుకున్న లెక్కతో సహా.
4. ఎక్స్‌టెన్షన్ బోర్డులు రెండు ఎక్కువ.